పిట్ట రెండో కన్ను

పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఆటో దిగి బేబీరాణి ఇల్లెక్కడ అని అడిగితే ఏ బేబీరాణి అంటారు. సూర్యుడి మీటర్ రీడర్ ఇల్లు అనండి, చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర్నించి పంక్చర్లేసే భయ్యా దాకా చెయ్యెత్తి చూపిస్తారు. ఆ పేరు పెట్టింది బయటివాళ్ళు కాదు, సొంత అత్తగారు కాసులమ్మ. కోడలు సాయంత్రం ఇంటికి రాగానే ఆవిడ గుమ్మంలో కూర్చుని, ఇవాళ సూర్యుడు ఎన్ని యూనిట్లు కాల్చాడే అని అడుగుతుంది. వీధంతా నవ్వుతుంది. బేబీరాణి నవ్వదు, అంకె చెప్తుంది. నిజంగానే అంకె ఉంటుంది మరి.

మిన్నీ బే వెనకున్న గుట్ట మీద రెండు గదుల షెడ్డు, దాని పక్కన ఇనప స్తంభం మీద మూడు మీటర్ల డిష్. అదే ఆవిడ ఆఫీసు. మెయిన్‌ల్యాండ్‌లో ఒక కాలేజీవాళ్ళు బూట్ల డబ్బా అంత ఉపగ్రహం తయారుచేసి పైకి పంపారు. దానికి కాగితాల మీద పెద్ద పేరేదో ఉంది గానీ అందరూ పిట్ట అనే అంటారు. ఆ పిట్ట పని ఒక్కటే. సూర్యుణ్ణి చూడటం, అతని వెలుగులో మన కంటికి కనబడని అతినీలలోహిత భాగాన్ని రంగు రంగుగా విడదీసి ఏ రంగు ఎంతుందో కొలవడం. రోజుకోసారి పోర్ట్‌బ్లెయిర్ నెత్తి మీదుగా పోతున్నప్పుడు ఆ కొలతల్ని కిందికి పంపుతుంది. డిష్ తిప్పి వాటిని పట్టుకోవడం బేబీరాణి పని.

ఎండ కొలవడానికి అంత పైకెందుకు, మన డాబా మీద లేదా అని కాసులమ్మ ఓసారి అడిగింది. అడగాల్సిన మాటే. ఆ కిరణాల్లో చాలా భాగం మనదాకా రాదత్తా, పైనున్న గాలే మింగేస్తుంది, అవి నేరుగా పడితే మనం బతకం అని చెప్పింది బేబీరాణి. మింగేసే ఆ ఓజోన్ పొరని తయారుచేసేవీ ఆ కిరణాలే, విరగ్గొట్టేవీ అవే. కాబట్టి అవి ఏటేటా ఎంత మారుతున్నాయో ఎవరో ఒకరు గాలి పైకి వెళ్ళి చూడాలి. కాసులమ్మ అంతా విని, అయితే నీ పిట్ట ఎప్పుడూ ఎండలోనే ఉంటుందా పాపం అంది.

పాపమే. అసలు కష్టం అక్కడే ఉంది. రోజూ ఆ ఎండనే చూసీ చూసీ పిట్ట కన్ను మసకబారుతుంది. లోపలి అద్దాల మీద ఆ కిరణాలు పడి పడి కంటికి కనిపించని మకిలి పడుతుంది. అప్పుడు కొలత తగ్గితే, తగ్గింది సూర్యుడా, కన్నా? కింద కూర్చున్నవాళ్ళకి తెలిసే దారి లేదు. అందుకే ఆ డబ్బాలో ఒకే రకం కళ్ళు రెండు పెట్టారు. ఒకటి రోజూ చూసే కన్ను. రెండోది రెప్ప మూసుకుని చీకట్లో ఉంటుంది, ఆర్నెల్లకోసారి ఒకటిన్నర నిమిషం తెరుస్తారు. రెండూ ఒకేసారి సూర్యుణ్ణి చూస్తాయి. రెండో కన్ను పాడవలేదు గనక, మొదటిది ఎంత పాడైందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ లెక్క వేసుకుని పాత కొలతలన్నీ దిద్దుకోవచ్చు.

ఈ రెండు కళ్ళ ఏర్పాటు చేసింది ఫేబే. బాంబూఫ్లాట్ పిల్ల, తెలుగు చర్చిలో పియానో వాయించే సుందర్‌రాజ్ మాస్టారి కూతురు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, ఇప్పుడా మెయిన్‌ల్యాండ్ కాలేజీలో పిట్ట బాధ్యతంతా ఆమెదే. బేబీరాణిని దీదీ అంటుంది. అంటూనే పని దగ్గర పట్టు వదలదు, అందుకే బేబీరాణికి ఆ పిల్లంటే ఇష్టం.

ఇప్పుడు సంగతేమిటంటే, రెండో కన్ను తెరిచి ఏడాదిన్నర అయిపోయింది. మధ్యలో పిట్ట బ్యాటరీ నీరసించింది, రెండు కళ్ళకీ చాలే శక్తి లేదని వాయిదా వేశారు, మళ్ళీ వాయిదా వేశారు. ఈలోగా మొదటి కంటి కొలత నెలనెలా దిగుతూ వచ్చింది. అన్నిటికన్నా పొట్టి కిరణాల దగ్గరైతే వందకి ఇరవై దాకా పడిపోయింది. కాలేజీలో పెద్దవాళ్ళు కొందరు ఈ డేటా నమ్మలేం, పక్కన పడేద్దాం అన్నారు. మూడేళ్ళ డేటా. ఆదివారం లేదు, పండగ లేదు, జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చి పట్టుకున్న వెయ్యిన్ని డెబ్బై రోజుల కొలతలు. పక్కన పడేద్దాం అన్న మాట ఫోన్లో విన్న రోజు బేబీరాణి అన్నం తినలేదు. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి.

ఆ సోమవారం ఫేబే ఫోన్ చేసింది. పిట్ట కిందికి దిగిపోతోంది దీదీ, ఇంకో వారం, అంతే, తర్వాత గాల్లో కాలిపోతుంది అంది. పోయేలోగా ఒక్కసారైనా రెండో కన్ను తెరవాలి, బ్యాటరీ పోతే పోనీ. తెరవమని చెప్పాల్సింది పోర్ట్‌బ్లెయిర్ నుంచే, ఎందుకంటే కాలేజీలో ఉన్న స్టేషన్ ఏడాది కిందట ట్రాన్స్‌మిటర్ కాలిపోయి మూగదైపోయింది, అది వినగలదు గానీ మాట్లాడలేదు, అడగందే పిట్ట కొలతలు పంపదు. రాత్రిపూట వచ్చేటప్పుడు పిట్ట రిసీవర్ ఆపుకుని పడుకుంటుంది. కాబట్టి పగలు వచ్చే ఆ ఒక్కసారే చెప్పాలి. శుక్రవారం మంచి ఎత్తులో వస్తుంది, అప్పుడు తెరిపించి, కొలిచిందాన్ని శనివారం దించుకుందాం అని నిర్ణయించారు. ఆ వారం పిట్ట ఏ రోజు ఎన్ని గంటలకి ఏ దిక్కున పైకి వస్తుందో పట్టీ పంపింది ఫేబే. బేబీరాణి దాన్ని ప్రింటు తీసి గోడకి అంటించింది.

మంగళవారం తుపాను వచ్చింది. పేరున్న తుపాను కాదు గానీ చేసే పని చేసింది. నెట్ పోయింది, ఫోన్ పోయింది, చెట్లు పడి మిన్నీ బే రోడ్డు మూసుకుపోయింది. గాలి ముదరకముందే బేబీరాణీ పైడిబాబూ కలిసి డిష్‌ని ఆకాశం వైపు తిప్పి, నాలుగు వైపులా మోకులేసి కట్టేశారు. పైడిబాబు ఆ షెడ్డుకి వాచ్‌మన్. అంతకుముందు ముప్పై ఏళ్ళు దీవుల మధ్య తిరిగే ఫెర్రీల మీద చుక్కాని పట్టినవాడు. బేబీరాణికి వరసకి బాబాయ్. అతను వేసిన ముడి ఊడిందంటే ఆ తప్పు మోకుదే అయ్యుంటుంది.

మూడు రోజులు ఇంట్లోనే. కాసులమ్మ కూడా ఆ మూడు రోజులు యూనిట్ల సంగతి ఎత్తలేదు. శుక్రవారం పొద్దున్న గాలి తగ్గింది, రోడ్డు మీద కొమ్మలు దాటుకుంటూ ఇద్దరూ గుట్ట ఎక్కారు. షెడ్డు నిలబడే ఉంది. జనరేటర్ నడిచింది. డిష్‌ని పైకీ కిందికీ ఎత్తే మోటారు బాగానే ఉంది గానీ చుట్టూ తిప్పే మోటారు పెట్టెలోకి ఉప్పునీళ్ళు పోయి అది చచ్చింది. పరవాలేదు, చేత్తో తిప్పే చక్రం ఉంది. పట్టీ ప్రకారం పిట్ట దక్షిణాన పైకొచ్చేది పదీ యాభై ఎనిమిదికి. మోకులు విప్పి, డిష్‌ని దక్షిణం వైపు, లిటిల్ అండమాన్ దిక్కుకి దించి నిలిపేసరికి పదీ యాభై ఏడు అయింది. బేబీరాణి పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి కుర్చీలో పడింది. ఇంకా నిమిషం ఉంది, అమ్మయ్య అనుకుంది.

పదీ యాభై ఎనిమిది అయింది. స్పీకర్లో గాలి తప్ప ఏమీ లేదు. పదీ యాభై తొమ్మిది. ఏమీ లేదు.

ఇప్పుడు మెయిన్‌ల్యాండ్ మనిషైతే ఏం చేసేవాడో తెలీదు. దీవిలో పుట్టిన మనిషి మాత్రం ఒక్కటే చేస్తుంది, ఆగుతుంది. ఇక్కడికి వచ్చేది ఏదైనా లేటే కదా. షిప్పు లేటు, ఉల్లిపాయలు లేటు, పేపరు లేటు, పరీక్ష రిజల్టు లేటు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు రెండ్రోజులు లేటు. జెట్టీ మీద నిలబడి సముద్రం వైపు చూస్తూ వస్తుందిలే అనుకోవడం పాలతోపాటు తాగుతారు. బేబీరాణి కూడా అదే అనుకుంది. తుపానుకి గాలి తిరిగింది, పట్టీ ఎక్కడో తప్పింది, కాస్త వెనకైంది, వస్తుందిలే. డిష్‌ని అలాగే దక్షిణాన ఉంచమంది. పైడిబాబు చక్రం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పదకొండు అయింది, పదకొండూ అయిదు, పదకొండూ పది. పదకొండుంబావుకి బేబీరాణి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది పైకప్పు మీది తీగ. షెడ్డు రేకుల మీద ఒక పాత తీగ యాంటెన్నా ఉంది. దాంతో పిట్టతో మాట్లాడలేం, కొలతలు దించుకోలేం, కానీ పిట్ట కూత మొదట వినబడిన క్షణాన టైమ్ మాత్రం అది రాసి పెట్టుకుంటుంది. తుపానులో కూడా బ్యాటరీ మీద వింటూనే ఉంది. కంప్యూటర్లో ఆ లిస్టు తెరిచి, గోడ మీది పట్టీ పీకి పక్కన పెట్టుకుంది. మంగళవారం, పట్టీ చెప్పినదానికన్నా పది సెకన్లు ముందు. బుధవారం నలభై సెకన్లు ముందు. గురువారం తొంభై. ఇవాళ, శుక్రవారం, నూట అరవై.

ముందు. పిట్ట ముందొచ్చింది. ఆవిడ కుర్చీలో పడి అమ్మయ్య అనుకునే టైముకి అది సగం ఆకాశం ఎక్కేసింది. ఆవిడ దక్షిణాన లేటు పిట్ట కోసం కాచుక్కూర్చుంటే అది నెత్తి మీదుగా దాటి, ఉత్తరాన డిగ్లీపూర్ వైపు దిగి వెళ్ళిపోయింది.

ఆలోచిస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. కిందికి దిగే కొద్దీ పిట్ట తిరిగే చుట్టు చిన్నదవుతుంది, చుట్టు చిన్నదైతే త్వరగా తిరుగుతుంది, త్వరగా తిరిగితే ముందొస్తుంది. ఈ పాఠం బేబీరాణి ట్రైనింగులో చదువుకుంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. అయినా పట్టీలో వేళ దాటగానే బుర్ర జెట్టీ మీదికి పోయి నిలబడింది. ఎవరి మీద అరవాలో తెలీక పెన్ను తీసి గోడకేసి కొట్టింది.

రిజిస్టరులో రోజుకో వరస రాయాలి. శుక్రవారం అని రాసి ఆగింది. పైడిబాబు కిటికీలోంచి తొంగిచూసి సంగతి కనుక్కున్నాడు. విన్నాక చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు. గాలి అని రాసేయమ్మా అన్నాడు. తుపాను కదా, డిష్ కట్టేసే ఉంది అని రాస్తే అడగడానికి ఎవుడొస్తాడు. తీగ రాసిన ఆ ఒక్క వరసా తీసేస్తే సరి. అతను చెడ్డవాడు కాదు, కూతురు లాంటి పిల్ల మీదికి మాట రాకూడదని అన్నాడు. ఆ మాట నిజమే, ఎవరూ అడగరు.  బేబీరాణి రిజిస్టరు మూసేసింది. ఆ వరస ఖాళీగానే ఉండిపోయింది.

తప్పు సంగతి తర్వాత, ముందు శనివారం సంగతి చూడాలి. ఇక మిగిలింది అదొక్కటే. ఆదివారానికి పిట్ట ఉంటుందో లేదో ఫేబేకే తెలీదు. ఇవాళ తెరిపించి రేపు దించుకుందాం అనుకున్న రెండు పనులూ ఇప్పుడు ఒక్క దాటులో చెయ్యాలి. దక్షిణాన లేచిన దగ్గర్నించి ఉత్తరాన మునిగే దాకా పిట్ట ఆకాశంలో ఉండేది ఆరు నిమిషాలు. ముందు దాన్ని పలకరించి మాట వినేలా చేసుకోవడానికి అర నిమిషం. రెప్ప తెరవడానికి, కన్ను వేడెక్కడానికి ఒక నిమిషం పైన. రెండు కళ్ళూ చూడటానికి ఒకటిన్నర నిమిషం. కొలతలు కిందికి రావడానికి ఇంచుమించు రెండు నిమిషాలు. కూడితే అయిదు దాటింది. మొదట్లో ఒక్క నిమిషం పోయినా పని పోయినట్టే.

ఆ మధ్యాహ్నమంతా బేబీరాణి లెక్క వేసింది. పది, నలభై, తొంభై, నూట అరవై. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు, వాటి పక్కన సున్నా. అయితే రేపు ఇరవై అయిదు, పక్కన సున్నా. రెండొందల యాభై సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పది సెకన్లు ముందు. పట్టీలో శనివారం వేళ పదీ నలభై ఒకటి. అందులోంచి తీసేస్తే పదీ ముప్పై ఆరు నిమిషాల యాభై సెకన్లు. తర్వాత ప్రతి పది సెకన్లకీ డిష్ ఏ డిగ్రీ మీద ఉండాలో కొత్త పట్టీ చేత్తో రాసింది. పైకీ కిందికీ పని తనే లోపల్నుంచి మోటారుతో చూసుకుంటుంది. చుట్టూ తిప్పడం పైడిబాబు వంతు. స్తంభానికి అడుగున డిగ్రీలు చెక్కిన ఇత్తడి పట్టా ఉంది, ఉప్పుకి నల్లబడిపోతే చింతపండు పెట్టి తోమాడు.

శనివారం ఎండ బాగా కాసింది. పొద్దున్నే వచ్చి రెండుసార్లు ఉత్తుత్తి పిట్టతో సాధన చేశారు. బేబీరాణి కిటికీలోంచి అంకె చెప్తుంది, పైడిబాబు ఆ అంకెని తిరిగి చెప్తూ చక్రం తిప్పుతాడు. చెప్పిన మాట తిరిగి చెప్పకుండా చుక్కాని కదపడం ఫెర్రీలో తప్పు, ఆ అలవాటు అతనికి పోలేదు. మొదటిసారి మధ్యలో తడబడ్డాడు, ఎందుకంటే పిట్ట బాగా ఎత్తులో ఉన్నప్పుడు డిష్‌ని తూర్పు మీదుగా గబగబా తిప్పాలి. రెండోసారి సరిగ్గా వచ్చింది.

ఎప్పుడు కూర్చుందాం అని అడిగింది బేబీరాణి. రెండు నిమిషాల ముందు చాలు కదా అంది, రోజూ చేసేది అదే గనక. పైడిబాబు తల అడ్డంగా ఊపాడు.

"నీ లెక్క నీదేనమ్మా. కానీ నిన్న అది మన లెక్క వినలేదు. పావుగంట ముందే కూకుందాం. మనం దాని కోసం కాద్దాం గానీ అది మన కోసం కాయదు."

పదీ ఇరవై అయిదుకే కూర్చున్నారు. డిష్ దక్షిణాన, సముద్రం అంచు మీద. బేబీరాణి హెడ్‌ఫోన్ పెట్టుకుంది.  భయమేసింది ఆవిడకి, దాచుకోవాల్సిందేముంది. మూడేళ్ళు ఈ కుర్చీలో కూర్చుంది గానీ ఎప్పుడూ ఇంత భయం వేయలేదు. పదీ ముప్పై అయింది. ముప్పై అయిదు అయింది. తన లెక్క ప్రకారం ఇంకా ఒక నిమిషం యాభై సెకన్లు ఉంది.

పదీ ముప్పై ఆరు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లకి పిట్ట కూసింది.

ఆవిడ లెక్క కన్నా ఇరవై తొమ్మిది సెకన్లు ముందు. గాలి చిక్కబడుతోంది, పిట్ట ఆవిడ అనుకున్నదానికన్నా కిందికి జారిపోయింది. కంగారుపడే తీరిక లేదు. రాసుకున్న పట్టీలో వేళలన్నీ ఇరవై తొమ్మిది సెకన్లు ముందుకి జరపాలి. ఎర్ర పెన్నుతో మొదటి వరస కొట్టేసి రెండో వరసలో వేలు పెట్టి, నూట తొంభై మూడు అని అరిచింది. నూట తొంభై మూడు అని బయట్నుంచి జవాబు వచ్చింది. పిట్టకి పలకరింపు పంపింది. పలికింది. రెండో కంటి రెప్ప తాళం తియ్యమని పంపింది. తీశానంది. రెప్ప తెరువు అని పంపింది.

తెరవలేదు. ఏడాదిన్నర మూసుకున్న రెప్ప కదా. బేబీరాణి మళ్ళీ పంపింది. జవాబు అదే, మూసి ఉంది. నూట ఎనభై. నూట ఎనభై. పది సెకన్లు పోయాయి, ఇరవై పోయాయి. ఫేబే రాసిచ్చిన సూచనల్లో రెండుసార్లు తెరుచుకోకపోతే ఆపేయమని ఉంది, మోటారు కాలిపోతుందని. కాలితే కాలనీ, రేపో ఎల్లుండో మొత్తమే కాలిపోయేదానికి మోటారు దేనికి అనుకుంది. మూడోసారి పంపింది. ఆగింది. నాలుగోసారి పంపింది.

"తెరువే నా తల్లీ," అంది తెర వైపు చూస్తూ.

తెరుచుకుంది. కన్ను వేడెక్కింది. చూడమని ఆజ్ఞ పంపేసరికి పదీ ముప్పై ఎనిమిదిన్నర దాటింది. రెండు కళ్ళూ కలిసి సూర్యుణ్ణి చూడటం మొదలుపెట్టాయి. ఇక్కడే పిట్ట అన్నిటికన్నా ఎత్తులోకి వచ్చింది, డిష్ తూర్పు మీదుగా తిరగాలి. నూట ముప్పై, నూట పది, తొంభై. పైడిబాబు అంకెలు తిరిగి చెప్తూనే ఉన్నాడు, గొంతులో ఆయాసం వినబడుతోంది, డెబ్బై ఏళ్ళ మనిషి. ఎండ సూటిగా అతని మొహం మీద పడుతోంది. ఒక్క డిగ్రీ తేడా రానివ్వలేదు.

ఒకటిన్నర నిమిషం బదులు ఒక నిమిషంతో ఆపేద్దామా అని బుర్రలో ఒక మాట వచ్చింది. ఆపేస్తే దించుకోవడానికి టైమ్ మిగులుతుంది. కానీ సగం కొలత ఎవరికి కావాలి? రేపు ఎవరో సగమే కదా, నమ్మలేం, పక్కన పడేద్దాం అంటారు. వద్దు. తొంభై సెకన్లు తొంభై సెకన్లే. పళ్ళు బిగించుకుని గడియారం చూస్తూ కూర్చుంది.

పదీ నలభై దాటి పది సెకన్లకి పంపించు అంది. ముక్కలు దిగడం మొదలైంది. మొత్తం నూట పద్దెనిమిది ముక్కలు రావాలి. ఇరవై, నలభై, అరవై. డిష్ ఉత్తరానికి తిరిగింది, కిందికి వాలింది, ముక్కల లెక్క మధ్యలోనే డిగ్రీలూ అరుస్తోంది. ముప్పై. ముప్పై. ఎనభై. తొంభై. ఇరవై. ఇరవై. నూరు. ఉత్తరాన చెట్లు మొదలయ్యాయి, కూతలో గరగర వచ్చింది. నూట ఆరు. నూట పది. నూట పన్నెండు దగ్గర స్పీకర్లో గాలి ఒక్కటే మిగిలింది.

ఆరు ముక్కలు పోయాయి. పోతే పోయాయి, అవి చివరి పొడుగు కిరణాలవి, అక్కడ కన్ను అంతగా పాడవదు. బేబీరాణి డేటాని రెండు చోట్ల దాచి, మూడో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి మెళ్ళో కట్టుకుంది. బయటికొచ్చి చూస్తే పైడిబాబు చక్రం పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. అతనికి నీళ్ళిచ్చి తను కూడా పక్కన కూలబడింది. 

ఆదివారం పొద్దున్న కూడా ఆవిడ వెళ్ళి కూర్చుంది, అరగంట ముందే. పిట్ట రాలేదు. తీగ కూడా ఏమీ వినలేదు. ఏ సముద్రం మీద కాలిపోయిందో ఎవరికీ తెలీదు. ఇంటికొచ్చాక అత్తగారు యూనిట్లెన్ని అని అడగబోయి కోడలి మొహం చూసి ఊరుకుంది. ఆ రోజు కాసులమ్మే అన్నం కలిపి పెట్టింది.

సోమవారం మధ్యాహ్నం బేబీరాణి షెడ్డులో ఉండగా ఫోన్లు మళ్ళీ పనిచేశాయి. నెట్ ఇంకా రాలేదు, మాట మాత్రం తెగుతూ తెగుతూ వినబడుతోంది. మొదటి రింగు ఫేబేది. తెరుచుకుందా దీదీ అని అడిగింది, నమస్కారం కూడా లేదు. తెరుచుకుంది అంది బేబీరాణి. అవతల పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత అంకెలు చదవమంది. రెండు కళ్ళ అంకెలు, ఏడు రంగుల దగ్గర. బేబీరాణి చదివింది. అన్నిటికన్నా పొట్టి కిరణాల దగ్గర రెండో కన్ను నూరు చూస్తే మొదటి కన్ను ఎనభై ఒకటి చూసింది.

కన్నే మసకబారింది దీదీ, సూర్యుడు కాదు, అంది ఫేబే. కానీ ఇంకోటి కావాలి. అంత కిందికి దిగాక పలచటి గాలి కొంచెం అడ్డం వచ్చి ఉంటుంది, ఆ పొట్టి కిరణాల్ని అది కూడా కొంత తాగి ఉంటుంది. ఎంత తాగిందో తెలియాలంటే పిట్ట శనివారం ఎంత ఎత్తులో ఉందో తెలియాలి. ముందొచ్చిన సెకన్లు చెప్తే ఎత్తు లెక్క కట్టేస్తాను, తీగ రాసింది కదా, రోజు వారీగా చెప్పు అంది.

మంగళవారం పది. బుధవారం నలభై. గురువారం తొంభై.

"శుక్రవారం?" అంది ఫేబే.

బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. శుక్రవారం వరస ఖాళీగా ఉంది. పైడిబాబు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఇప్పుడు కూడా చెప్పొచ్చు, తుపాను, డిష్ కట్టేసి ఉంది, తీగ పనిచెయ్యలేదు అని. శనివారం అంకె ఒక్కదాంతో ఫేబే ఎలాగో అంచనా వేసుకుంటుంది, వందకి ఒకటో రెండో అటూ ఇటూ అవుతుంది. ఎవరికీ తెలీదు. బేబీరాణికి మాత్రం తెలుస్తుంది. వందకి ఒకటి అటూ ఇటూ అయితేనే ఎవరో పక్కన పడేద్దాం అంటారని ఆవిడకి తెలుసు.

"నూట అరవై," అంది. "శుక్రవారం గాలి లేదు ఫేబే. డిష్ విప్పాను. పిట్ట ముందొచ్చింది, నేను లేటొస్తుందనుకుని దక్షిణాన కాపలా కాశాను. నా తప్పే."

 

"శుక్రవారం తెరిచి ఉంటే రెండు కొలతలుండేవి," అంది ఫేబే మెల్లగా.

"అవును."

"ఇప్పుడు ఒకటే ఉంది."

"ఒకటే."

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. చాలాసేపు వినబడింది. బేబీరాణి ఫోను చెవికి నొక్కుకుని గోడ వైపు తిరిగి నిలబడింది, మొహం ఎవరికీ చూపించాలని లేదు. ఈ పిల్ల కోప్పడినా పడతాననుకుంది. కోప్పడితేనే బాగుండనిపించింది.

తర్వాత ఫేబే చెప్పింది. నూట అరవై ఉంది కాబట్టి దిగుడు సరిగ్గా కుదిరింది. శనివారం నూట తొంభై ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున ఉంది పిట్ట. గాలి తాగింది వందకి ఒకటి కన్నా తక్కువ. అది తీసేసి, కంటి మసక తీసేసి, మూడేళ్ళ కొలతల్నీ దిద్దితే గీత వంకర లేకుండా నిలబడుతోంది. సూర్యుడు నెమ్మదిగా, తనకి అలవాటైన లెక్కలోనే పెరిగి తగ్గాడు.

"మొత్తం పనికొస్తాయి దీదీ," అంది. "వెయ్యిన్ని డెబ్బై రోజులూ. ఒక్కటి కూడా పారేసేది లేదు."

బేబీరాణి ఏడ్చింది. ఏడుస్తున్నానని దాచుకోలేదు కూడా. పైడిబాబు గుమ్మం దగ్గర్నించి మెల్లగా బయటికి జరిగాడు.

ఫోన్ పెట్టేసే ముందు ఫేబే ఒక మాట అడిగింది. రిజిస్టరు ఫొటోలు కూడా డేటాతో పాటు పంపాలి, కాలేజీలో పెద్దవాళ్ళు ప్రతి వరసా చూస్తారు, శుక్రవారం ఏం రాశావు అంది. ఇంకా రాయలేదు, ఇప్పుడు రాస్తాను అంది బేబీరాణి.

కళ్ళు తుడుచుకుని కూర్చుంది. పెన్ను తీసుకుని, ఆఫీసు పద్ధతి ప్రకారం పొడి పొడి మాటల్లో రాసింది. శుక్రవారం. గాలి లేదు. డిష్ పనిచేస్తోంది. ఉపగ్రహం నూట అరవై సెకన్లు ముందు వచ్చింది. ఆపరేటర్ పట్టుకోలేదు. కింద సంతకం పెట్టి, సంతకం సరిగ్గా అర్థం కాదేమోనని పక్కన పూర్తి పేరు కూడా రాసింది.